ఐజీజీ4 పెరిగింది, పాంక్రియాస్ తల ఉబ్బింది: స్టెరాయిడ్‌కి ముందు ఏం తేల్చుకోవాలి?

మెడిసిన్_వార్డు

అందరికీ నమస్కారం. ఒక నమూనా కేసు పెడుతున్నాను, దాని మీదే మాట్లాడుకుందాం. మగ మనిషి, 64 ఏళ్ళు, 60 కిలోలు. మూడు వారాలుగా కళ్ళు పచ్చబడ్డాయి, ఒళ్ళంతా దురద. కడుపునొప్పి పెద్దగా లేదు. బిలిరుబిన్ 9, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ బాగా ఎక్కువ. అల్ట్రాసౌండ్‌లో పాంక్రియాస్ తల ఉబ్బి ఉంది, పైన పిత్తనాళం వెడల్పయింది. రక్తంలో ఐజీజీ4 అనే యాంటీబాడీ 210 మి.గ్రా./డె.లీ., ల్యాబ్ పై హద్దు 135. క్యాన్సర్ సూచికగా చూసే సీఏ 19-9 విలువ 180.

ఇలాంటి కాగితాలు చూడగానే ఆటోఇమ్యూన్ పాంక్రియాటైటిస్ (ఒంటి రోగనిరోధక శక్తే పాంక్రియాస్‌ని వాచేలా చేసే జబ్బు) అని ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ రాసేవాళ్ళున్నారు. క్యాన్సరే అని నేరుగా విపుల్ ఆపరేషన్‌కి (పాంక్రియాస్ తల కోసి తీసేసేది) పంపేవాళ్ళూ ఉన్నారు. ఈ రెంటికీ మధ్య ఏ పరీక్ష ముందు, ఏది తర్వాత? చిన్న ఊళ్ళలో పనిచేసే ఫిజీషియన్లకు పనికొచ్చేలా చెప్పండి.

గ్యాస్ట్రో_కాకినాడ

మొదటి మాట: ఈ కాగితాలతో రోగనిర్ధారణ పూర్తి కాలేదు. 210 అంటే పై హద్దుకి ఒకటిన్నర రెట్లు. 2011లో వచ్చిన అంతర్జాతీయ ప్రమాణాల్లో రెండు రెట్లు దాటితేనే అది మొదటి స్థాయి ఆధారం, ఒకటికీ రెండుకీ మధ్య ఉంటే రెండో స్థాయి. ఈ తేడా ఎందుకు పెట్టారంటే, పాంక్రియాస్ క్యాన్సర్ ఉన్నవాళ్ళలో కూడా నూటికి పదిమందికి ఐజీజీ4 కాస్త పెరుగుతుంది. మేయో క్లినిక్ 2007లో చూపించిన లెక్క ఇదే: 140 దాటిన క్యాన్సర్ రోగులు దాదాపు 10 శాతం, 280 దాటినవాళ్ళు ఒక్క శాతం. పైగా 64 ఏళ్ళ మనిషికి నొప్పిలేని కామెర్లు వస్తే ఆటోఇమ్యూన్ జబ్బు కంటే క్యాన్సర్ ఎన్నో రెట్లు ఎక్కువగా కనబడుతుంది. అంత మందిలో పదోవంతు అంటే అసలు ఆటోఇమ్యూన్ కేసుల కంటే ఎక్కువే కావచ్చు. 210 చూసి సంబరపడకూడదనేది అందుకే.

ఆ ప్రమాణాల్లో చూసేవి ఇవి: గ్రంథి స్కాన్‌లో ఎలా ఉంది, లోపలి క్లోమనాళం (పాంక్రియాస్ నాళం) ఎలా ఉంది, రక్తంలో ఐజీజీ4, ఇతర అవయవాల్లో జబ్బు ఉందా, ముక్క పరీక్ష (బయాప్సీ) ఏం చెప్పింది. వీటి తర్వాతే స్టెరాయిడ్‌కి స్పందన. స్కాన్‌లో గ్రంథి మొత్తం ఉబ్బి అచ్చంగా ఈ జబ్బు లక్షణాలే ఉంటే, దానికి తోడు ఐజీజీ4 కొంచెం పెరిగినా, వేరే అవయవంలో జబ్బు కనిపించినా టైప్ 1 (ఐజీజీ4తో ముడిపడ్డ రకం) అని ఖాయం చేసుకోవచ్చు, ముక్క తీయనక్కర్లేదు. మీ కేసులో ఉబ్బింది తల ఒక్కటే. అప్పుడు మెట్టు బాగా ఎత్తవుతుంది: మొదటి స్థాయి ఆధారాలు రెండైనా కావాలి. లేదంటే క్యాన్సర్ లేదని గట్టిగా తేల్చుకున్నాక స్టెరాయిడ్ స్పందన చూడాలి.

సీరమ్_ట్యూబు

ల్యాబ్ వైపు నుంచి కొన్ని విషయాలు. ఐజీజీ4ని కొన్ని ల్యాబులు మి.గ్రా./డె.లీ.లో ఇస్తాయి, కొన్ని గ్రా./లీ.లో. 1.35 గ్రా./లీ. అంటే 135 మి.గ్రా./డె.లీ. కాగితం మీద 2.1 అని ఉంటే నార్మల్ అనుకుని పక్కన పెట్టేసే ప్రమాదం ఉంది. 135 అనే అంకె జపాన్‌లోని మత్సుమోతో నగరంలో షిన్షు విశ్వవిద్యాలయం వాళ్ళు 2001లో ప్రచురించిన పని నుంచి వచ్చింది. మీ ల్యాబ్ వాడే కిట్‌కి హద్దు వేరే ఉండొచ్చు. రెట్లు లెక్కేసేటప్పుడు మీ కాగితం మీదున్న హద్దునే తీసుకోండి.

ఇంకో ముఖ్యమైన లోపం ప్రోజోన్. ఐజీజీ4 మరీ ఎక్కువైతే నెఫెలోమెట్రీలో (కాంతి చెదరడాన్ని బట్టి కొలిచే పద్ధతి) పరీక్ష ద్రవంలోని యాంటీబాడీ చాలక, విలువ తప్పుగా తక్కువ చూపిస్తుంది. మొత్తం ఐజీజీ బాగా పెరిగి ఐజీజీ4 మాత్రం మామూలుగా వచ్చిందంటే ల్యాబ్‌కి ఫోన్ చేసి శాంపిల్‌ని ఇంకా పలుచన చేసి మళ్ళీ చూడమనండి.

స్టెరాయిడ్ పడకముందే రక్తం తీయాలి. ఆయాసానికో, చర్మం జబ్బుకో నెల రోజులుగా ప్రెడ్నిసొలోన్ మింగుతున్నారేమో అడగండి. ఉబ్బసం, తామర (ఎగ్జిమా), నులిపురుగులు, ప్రైమరీ స్క్లీరోజింగ్ కొలాంజైటిస్, ఇవి ఉన్నా ఐజీజీ4 కొంత పెరుగుతుంది. అటువైపు టైప్ 1 ఉండి కూడా ఐజీజీ4 మామూలుగా ఉన్నవాళ్ళు తక్కువేం కాదు. కాబట్టి నార్మల్ వచ్చిందని జబ్బును కొట్టిపారేయొద్దు.

సీఏ 19-9 గురించి: బిలిరుబిన్ 9 ఉండగా వచ్చిన 180కి అర్థం లేదు. పిత్తనాళం మూసుకున్నంత మాత్రానే అది పెరుగుతుంది. కామెర్లు తగ్గాక మళ్ళీ చూడాలి. లూయిస్ నెగటివ్ రక్తం ఉన్నవాళ్ళలో క్యాన్సర్ ఉన్నా ఇది పెరగదు, అందుకని తక్కువ వచ్చినా నిశ్చింత కాదు.

సీటీ_గది

పిత్తనాళంలో స్టెంట్ (మూసుకున్న నాళాన్ని తెరిచి ఉంచే గొట్టం) వేయకముందే సీటీ తీయించండి. దీన్ని ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. స్టెంట్ పడ్డాక పిత్తనాళం గోడ వాస్తుంది, నాళం ముడుచుకుంటుంది, తల చుట్టూ కొవ్వు మసకబారుతుంది. ఆ తర్వాత తీసిన స్కాన్‌లో జబ్బు వాపేదో స్టెంట్ వాపేదో విడదీయడం కష్టం.

మామూలు పొట్ట సీటీ చాలదు, పాంక్రియాస్ ప్రోటోకాల్ అని రాయాలి. కాంట్రాస్ట్ ఎక్కించాక దాదాపు 40–45 సెకన్లకి పాంక్రియాటిక్ ఫేజ్, 70 సెకన్లకి పోర్టల్ ఫేజ్, తర్వాత 3 నిమిషాలకి డిలేడ్ ఫేజ్. ఆ చివరిది వదిలేస్తే ఈ జబ్బు గుర్తుపట్టే అవకాశం సగం పోయినట్టే. ఆటోఇమ్యూన్ జబ్బులో గ్రంథి మొదట తక్కువ వెలుగుతుంది, ఆలస్యంగా అంతా ఒకేలా వెలుగుతుంది. పీచు కణజాలంలో కాంట్రాస్ట్ నిదానంగా చేరి నిలుస్తుంది కాబట్టి. గ్రంథి చుట్టూ సన్నటి నల్లని అంచు, దాన్నే క్యాప్సూల్ లాంటి రిమ్ అంటాం, అదీ కనిపించొచ్చు. గ్రంథి ఉపరితలం మీద మామూలుగా ఉండే గుంటలు మిట్టలు చదునైపోతాయి.

తల ఒక్కటే ఉబ్బిన కేసులో నేను వెతికేది క్లోమనాళాన్ని. ఉబ్బు వెనక నాళం 5 మి.మీ. దాటి వెడల్పయి, తోక వైపు గ్రంథి ఎండిపోయి ఉంటే క్యాన్సర్ వైపే మొగ్గాలి. ఉబ్బు ఇంత ఉన్నా వెనక నాళం 5 మి.మీ. లోపే ఉంటే, అందులోనూ నాళం ఆ ముద్ద గుండా సన్నగా సాగి కనిపిస్తుంటే, ఆటోఇమ్యూన్‌కి బలం చేకూరుతుంది. ఎంఆర్‌సీపీలో (నాళాలను చూపే ఎంఆర్‌ఐ) ఇరుకు నాళం పొడవులో మూడోవంతు మించినా, అక్కడక్కడ చాలాచోట్ల ఉన్నా అది ఇంకా గట్టి ఆధారం. కాకపోతే ఎంఆర్‌సీపీ సన్నటి నాళాన్ని ఒక్కోసారి అసలు లేనట్టే చూపిస్తుంది, అది ఇరుకు కాకపోవచ్చు. సెక్రెటిన్ అనే హార్మోన్ ఇచ్చి తీస్తే తేడా తెలుస్తుంది గానీ సెక్రెటిన్ అన్నిచోట్లా దొరకదు.

పొట్ట సీటీలోనే మిగతావీ చూడొచ్చు: కిడ్నీలో చీలిక ఆకారపు మచ్చలు, బృహద్ధమని చుట్టూ దట్టమైన పొర, దానివల్ల యూరేటర్ నొక్కుకుపోయి ఉబ్బిన కిడ్నీ, కాలేయం ద్వారం దగ్గర పిత్తనాళం ఇరుకు. రిపోర్టు రాసేవాళ్ళకి “ఐజీజీ4 జబ్బు అనుమానం” అని ఒక్క వాక్యం రాసి పంపండి. అనుమానం తెలియకపోతే కిడ్నీ మచ్చలను పాత ఇన్ఫెక్షన్ కిందే రాసేస్తాం.

మెడిసిన్_వార్డు

సీటీ_గది గారూ, ఇక్కడ పిత్తనాళం కింది భాగం ఇరుకైంది కదా. దాన్ని “ఇతర అవయవం” కింద లెక్కేసుకోవచ్చా?

గ్యాస్ట్రో_కాకినాడ

కుదరదండీ. కింది భాగం పాంక్రియాస్ తలలోంచే వెళ్తుంది, తల ఎందువల్ల ఉబ్బినా అది నొక్కుకుంటుంది. కాలేయం ద్వారం దగ్గరో, కాలేయం లోపలో ఇరుకుంటే లెక్కలోకి వస్తుంది. రెట్రోపెరిటోనియల్ ఫైబ్రోసిస్ కూడా మొదటి స్థాయే. రెండు వైపులా సమానంగా ఉబ్బిన లాలాజల గ్రంథులు, కన్నీటి గ్రంథులు, కిడ్నీ జబ్బు రెండో స్థాయి. దవడ కింద రెండు వైపులా వేళ్ళతో నొక్కి చూడండి. నొప్పి లేకుండా గట్టిగా తగిలే సబ్‌మాండిబ్యులర్ గ్రంథి చాలామందికి ఎప్పటినుంచో ఉంటుంది, ఎవరూ అడగరు, వాళ్ళూ చెప్పరు. మూత్రంలో ప్రొటీన్, సీరం క్రియాటినిన్ ఎలాగూ చేస్తారు.

స్లైడ్_బల్ల

ముక్క గురించి. ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ (ఈయూఎస్)తో సన్న సూది పెట్టి కణాలు లాగే పద్ధతిలో క్యాన్సర్ కణాలు దొరుకుతాయి గానీ ఆటోఇమ్యూన్ జబ్బు తేలదు. ఇది కణజాలం అమరిక చూసి చెప్పే జబ్బు, విడి కణాలు చూసి కాదు. అందుకని కోర్ తీసే ఎఫ్‌ఎన్‌బీ సూది, 22 లేదా 19 గేజ్, వాడమనండి. వచ్చిన సన్న దారం లాంటి ముక్కల్ని గాజు పలక మీద రుద్దేయకుండా తిన్నగా ఫార్మలిన్‌లో వేయాలి. రుద్దితే అమరిక చెదిరిపోతుంది, ఆ తర్వాత నేను చేయగలిగింది ఏమీ ఉండదు.

టైప్ 1లో నాలుగు చూస్తాను: న్యూట్రోఫిల్స్ లేకుండా నాళాల చుట్టూ లింఫోసైట్లు, ప్లాస్మా కణాల గుంపు; చిన్న సిరలు పూడుకుపోవడం; బండిచక్రం ఆకుల్లా తిరిగిన స్టోరిఫార్మ్ పీచు; మైక్రోస్కోపు హై పవర్ ఫీల్డుకి 10కి మించి ఐజీజీ4 ప్లాస్మా కణాలు. నాలుగింట్లో మూడున్నా చాలు, మొదటి స్థాయి. సూది ముక్కకి 10 హద్దు, ఆపరేషన్‌లో తీసిన గ్రంథికైతే పాథాలజిస్టుల 2012 బోస్టన్ ఒప్పందం ప్రకారం 50. ఐజీజీ4, ఐజీజీ నిష్పత్తి 40 శాతం దాటిందో లేదో కూడా రాస్తాం.

జాగ్రత్త ఎక్కడంటే, క్యాన్సర్ ముద్ద చుట్టూ వాచిన కణజాలంలో కూడా ఐజీజీ4 కణాలు 10 దాటి కనిపించొచ్చు. కణాలు లెక్కపెట్టి “ఐజీజీ4 పాజిటివ్” అని రాసిన ఒక్క లైను మీద ఆధారపడొద్దు. పీచు అమరిక, సిరలు పూడటం రిపోర్టులో ఉన్నాయా చూడండి. సిరలకి ఎలాస్టిక్ స్టెయిన్ అడగండి, మామూలు హెచ్ అండ్ ఈ స్టెయిన్‌లో పూడిన సిర కంటికి ఆనదు.

కత్తెర_గుంటూరు

సర్జన్ల వైపు నుంచి కొంచెం గట్టిగా చెప్పాలి. “నష్టమేముంది, రెండు వారాలు స్టెరాయిడ్ ఇచ్చి చూద్దాం” అన్న మాటతో ఆపరేషన్‌కి వీలున్న క్యాన్సర్లు చేజారిపోతాయి. ముద్ద చుట్టూ ఉన్న వాపు తగ్గి కొద్దిగా చిన్నదవుతుంది, ఆకలి పుడుతుంది, ఇంటివాళ్ళు సంతోషిస్తారు, రెండు వారాలు రెండు నెలలవుతాయి. లింఫోమా అయితే నిజంగానే కరిగిపోతుంది, ఆ తర్వాత ముక్క తీసినా పాథాలజీకి ఏమీ దొరకదు. మన దగ్గర పాంక్రియాస్ టీబీ కూడా తలలో ముద్దగానే వస్తుంది, దానికి స్టెరాయిడ్ ఇస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. అందుకని ముక్క లేకుండా స్టెరాయిడ్ వద్దంటాను, ఎవరికైనా.

గ్యాస్ట్రో_కాకినాడ

ఎవరికైనా అన్నదొక్కటీ ఒప్పుకోను. గ్రంథి మొత్తం ఉబ్బి, రిమ్ ఉండి, ఐజీజీ4 500 ఉన్న మనిషికి సూది పెట్టి సాధించేది లేదు. అవతలి వైపు నష్టం కూడా చూడాలి కదా: క్యాన్సర్ అనుకుని చేసిన విపుల్ ఆపరేషన్లలో నూటికి రెండు నుంచి ఆరు దాకా తీరా చూస్తే ఆటోఇమ్యూన్ అని తేలినట్టు ప్రచురితమైన సిరీస్‌లు చెబుతున్నాయి.

ఈ కేసులాంటి తల ఉబ్బుకి మాత్రం మీ మాటే నా మాట. ముందు ఈయూఎస్, ముక్క. క్యాన్సర్ కనబడకపోతే, ఇంకేదైనా ఆధారం ఉంటేనే స్టెరాయిడ్ ట్రయల్. మొదలుపెట్టే రోజే రెండో వారం సీటీకి తేదీ వేసేయాలి. బిలిరుబిన్ తగ్గడం స్పందన కాదు, స్టెంట్ వేసినా తగ్గుతుంది. ఆకలి, ఉత్సాహం స్పందన కాదు, స్టెరాయిడ్ ఎవరికిచ్చినా వస్తాయి. ఐజీజీ4 తగ్గడమూ స్పందన కాదు. స్కాన్‌లో ఉబ్బు కరగడం, నాళం ఇరుకు విచ్చుకోవడం, ఇవి రెండు వారాల్లో స్పష్టంగా కనబడాలి. “కొంచెం తగ్గినట్టుంది” అని రిపోర్టు వస్తే ట్రయల్ ఓడిపోయినట్టే లెక్క, మళ్ళీ ముక్క, లేదా సర్జన్.

ఒక చిక్కు మన దగ్గర ప్రత్యేకంగా ఉంది. టీబీ మందుల్లో రిఫాంపిసిన్ మింగుతున్నవాళ్ళకి ప్రెడ్నిసొలోన్ కాలేయంలో త్వరగా విరిగిపోతుంది, పని దాదాపు సగానికి పడిపోతుంది. ఫెనిటాయిన్, కార్బమజెపిన్ కూడా అంతే. స్పందన లేదని తేల్చేముందు మందుల జాబితా చూడండి.

మందుల_చీటీ

డోసులు చెప్తాను. ప్రెడ్నిసొలోన్ కిలోకి 0.6 నుంచి 1 మి.గ్రా. ఈ 60 కిలోల మనిషికి లెక్కేస్తే కనీసం 36, అంటే ఆచరణలో రోజుకి 40 మి.గ్రా., పొద్దున టిఫిన్ తిన్నాక ఒకేసారి. నాలుగు వారాలు అదే డోసు, తర్వాత వారానికి 5 మి.గ్రా. చొప్పున తగ్గిస్తే మొత్తం 11 వారాల్లో ముగుస్తుంది. జపాన్ పద్ధతిలో పూర్తిగా ఆపకుండా చిన్న డోసు మూడేళ్ళ దాకా కొనసాగిస్తారు. అక్కడి 2017 ట్రయల్‌లో 5–7.5 మి.గ్రా. కొనసాగించినవాళ్ళలో మూడేళ్ళలో 23 శాతం మందికి జబ్బు తిరగబెట్టింది, 26 వారాలకి ఆపేసినవాళ్ళలో 58 శాతం మందికి.

మొదలుపెట్టే ముందు ఛాతీ ఎక్స్‌రే, టీబీకి ఇగ్రా లేదా మాంటూ, హెపటైటిస్ బీకి హెచ్‌బీఎస్‌ఏజీతో పాటు యాంటీ హెచ్‌బీసీ, షుగర్‌కి హెచ్‌బీఏ1సీ. మట్టిలో చెప్పుల్లేకుండా తిరిగే రైతులు, కూలీలు అయితే స్ట్రాంజిలాయిడిస్ పురుగు సంగతి మరవొద్దు. స్టెరాయిడ్ పడ్డాక అది ఒళ్ళంతా పాకి ప్రాణం మీదకి తెస్తుంది. మలపరీక్షలో ఒక్కసారి కనబడలేదంటే లేదని కాదు, అనుమానముంటే ముందే ఐవర్మెక్టిన్. రోజుకి 20 మి.గ్రా. పైన నెల దాటేట్టయితే ఇన్ఫెక్షన్ రాకుండా కోట్రైమాక్సజోల్ డబుల్ స్ట్రెంత్ వారానికి మూడు మాత్రలు. కాల్షియం, విటమిన్ డి మొదటి రోజు నుంచే.

షుగర్ విషయంలో అందరూ చేసే పొరపాటు, పరగడుపు షుగర్ చూసి బాగుందనడం. పొద్దున మింగిన ప్రెడ్నిసొలోన్‌కి షుగర్ మధ్యాహ్నం నుంచి రాత్రి దాకా ఎగబాకుతుంది, తెల్లారేసరికి దిగుతుంది. భోజనం చేసిన రెండు గంటలకి, రాత్రి తినబోయే ముందు చూడండి. ఇన్సులిన్ కావాల్సొస్తే పొద్దున ఇచ్చే ఎన్‌పీహెచ్ దీనికి బాగా సరిపోతుంది. రాత్రి ఇచ్చే దీర్ఘకాలిక ఇన్సులిన్ పెంచుకుంటూ పోతే తెల్లవారుజామున లో షుగర్ అవుతుంది. అసలు పాంక్రియాసే దెబ్బతిన్నది కాబట్టి గ్లూకగాన్ కూడా తక్కువే, పడిపోయిన షుగర్ తనంతట తాను లేవదు.

రోగికి చీటీ మీద రాసివ్వాల్సిన మాట: సొంతంగా ఒక్కసారిగా ఆపొద్దు. వాంతులై మాత్ర నిలవకపోతే అదే రోజు ఆసుపత్రికి రావాలి.

న్యూజెర్సీ_రుమటాలజీ

తిరగబెట్టడం గురించి కలుపుతాను. టైప్ 1కి అది స్వభావం. కాలేయం ద్వారం దగ్గర పిత్తనాళం ఇరుకైనవాళ్ళు, ఐజీజీ4 బాగా ఎక్కువున్నవాళ్ళు, చాలా అవయవాల్లో జబ్బున్నవాళ్ళు ఎక్కువగా తిరిగొస్తారు. ఐజీజీ4 ఒక్కటే మళ్ళీ పెరిగిందని చికిత్స మొదలుపెట్టం. స్కాన్, లివర్ పరీక్షలు మారాయా చూసుకుంటాం.

తిరగబెడితే వాడే రిటుక్సిమాబ్ (బీ కణాలను తగ్గించే మందు) 1000 మి.గ్రా. రెండు డోసులు, 15 రోజుల ఎడంతో. యాంటీ హెచ్‌బీసీ పాజిటివ్ అయితే ఎంటెకవిర్ లేదా టెనోఫోవిర్ రక్షణగా ఇచ్చి, చివరి డోసు తర్వాత కూడా 12 నుంచి 18 నెలలు కొనసాగించాలి. బీ కణాల మీదే పనిచేసే ఇనెబిలిజుమాబ్‌కి అమెరికాలో 2025 ఏప్రిల్‌లో ఐజీజీ4 జబ్బుకి అనుమతి వచ్చింది. 135 మందితో జరిగిన ట్రయల్‌లో ఏడాదిలో మందు తీసుకున్నవాళ్ళలో 10 శాతం, తీసుకోనివాళ్ళలో 60 శాతం మందికి జబ్బు రేగింది. ఖర్చు మాత్రం సామాన్యం కాదు.

ఖర్చు తగ్గించే ఆలోచనతో అజాథయోప్రిన్ రాస్తే రెండు విషయాలు గుర్తుంచుకోండి. మొదటిది, ఎన్‌యూడీటీ15 జన్యు పరీక్ష. మన దేశంవాళ్ళలో తెల్ల కణాలు ఉన్నట్టుండి పడిపోవడానికి టీపీఎంటీ అనే జన్యువు కంటే ఇదే ఎక్కువగా కారణం. రెండోది, అజాథయోప్రిన్ తానే పాంక్రియాటైటిస్ తెస్తుంది, సాధారణంగా మొదటి కొన్ని వారాల్లో. అప్పుడు జబ్బు తిరగబెట్టిందనుకుని డోసు పెంచితే పని చెడుతుంది.

మెడిసిన్_వార్డు

టైప్ 2 గురించి ఎవరూ చెప్పలేదు. పాతికేళ్ళ కుర్రాడికి కడుపునొప్పి, లైపేజ్ పెరిగి, ఐజీజీ4 నార్మల్ వస్తే అనుమానించాలా?

స్లైడ్_బల్ల

అనుమానించొచ్చు, ముఖ్యంగా అల్సరేటివ్ కొలైటిస్ ఉంటే. టైప్ 2కి రక్తంలో గుర్తు ఏదీ లేదు, ఐజీజీ4 మామూలుగానే ఉంటుంది. ఖాయంగా చెప్పేది ముక్కే: నాళం గోడలోకి, లోపలి ఖాళీలోకి న్యూట్రోఫిల్స్ చొరబడి గోడ దెబ్బతింటుంది, గెల్ అంటాం. ఐజీజీ4 కణాలు 10కి మించవు. టైప్ 1లో న్యూట్రోఫిల్స్ ఉండవన్నాను కదా, ఇక్కడ అవే ప్రధానం.

గ్యాస్ట్రో_కాకినాడ

మలంలో రక్తం, జిగట, మాటిమాటికి వెళ్ళడం, ఇవి అడగండి. అవసరమైతే కొలనోస్కోపీ. స్టెరాయిడ్‌కి టైప్ 2 కూడా త్వరగా లొంగుతుంది, తిరగబెట్టడం అరుదు, నిలకడ డోసు సాధారణంగా అక్కర్లేదు. కానీ మన వైపు కుర్రవాళ్ళలో ముందు తీసేయాల్సింది ఉష్ణమండల కాల్సిఫిక్ పాంక్రియాటైటిస్. అందులో నాళం వెడల్పయి లోపల పెద్ద పెద్ద రాళ్ళు ఉంటాయి, గ్రంథి ఎండి ఉంటుంది. ఆటోఇమ్యూన్‌లో దానికి తలకిందులు: గ్రంథి ఉబ్బు, నాళం సన్నం, మొదట్లో రాళ్ళుండవు. పొట్ట ఎక్స్‌రేలోనే రాళ్ళు కనిపిస్తే ఐజీజీ4కి డబ్బు పెట్టించొద్దు.

మందుల_చీటీ

వాపు తగ్గినా గ్రంథి పని పూర్తిగా తిరిగి రాకపోవచ్చు. బరువు తగ్గుతూ, నీళ్ళ మీద తేలే జిడ్డు విరేచనాలు అవుతుంటే ఫీకల్ ఎలాస్టేజ్ చేయించండి. గ్రాముకి 200 మైక్రోగ్రాముల లోపైతే లోపం ఉన్నట్టు. నీళ్ళ విరేచనం శాంపిల్ పంపొద్దు, పలుచబడి తప్పుగా తక్కువ వస్తుంది. ఎంజైమ్ క్యాప్సూల్స్ ప్రతి భోజనానికీ 25,000 యూనిట్ల లైపేజ్‌తో మొదలుపెట్టి, చాలకపోతే 50,000. మొదటి ముద్దతో, భోజనం మధ్యలో విడదీసి మింగాలి, తిన్నాక కాదు. లోపలి గుళికలు నమలకూడదు. ఇవి పంది పాంక్రియాస్ నుంచి తీసినవి, మతపరమైన అభ్యంతరం ఉంటుందేమో ముందే చెప్పి అడగండి. 25 డిగ్రీలు దాటితే సత్తువ తగ్గుతుంది, మే నెలలో డబ్బా రేకుల ఇంట్లో అలమరాలో పెడితే పనిచేయదు.

కత్తెర_గుంటూరు

స్టెంట్ ఎప్పుడు, ఏది వేయాలో ఎవరూ అనలేదు కాబట్టి: చలిజ్వరం లేకుండా, బిలిరుబిన్ మరీ ఎక్కువ కాకుండా ఉంటే స్టెంట్ లేకుండానే స్టెరాయిడ్‌తో నడిపించొచ్చు. వేయాల్సొస్తే ప్లాస్టిక్ స్టెంట్, లేదా పూర్తిగా కవర్ ఉన్న మెటల్ స్టెంట్. కవర్ లేని మెటల్ స్టెంట్ వద్దు, కణజాలం అల్లుకుపోతే బయటికి రాదు. ఈఆర్‌సీపీ (ఎండోస్కోప్‌తో నాళాల్లోకి వెళ్ళడం) చేసేటప్పుడే బ్రష్ సైటాలజీ, ఆంపుల్లా (నాళాలు పేగులోకి తెరుచుకునే చోటు) ముక్క తీయించండి, ఆ ముక్కలో ఐజీజీ4 కణాలు దొరికితే అదనపు ఆధారం. ప్లాస్టిక్ స్టెంట్ మూడు నెలల్లో పూడుకుంటుంది. వేసిన తేదీ, తీయాల్సిన తేదీ రెండూ డిశ్చార్జ్ కాగితం మొదటి లైన్లో తెలుగులో రాయించండి.